ఐదో సీసా

నేను ఒక అలమరను. పెద్దదాన్నేమీ కాదు. గోడకి తగిలించే రెండడుగుల మందుల అలమరను. రెండు అరలు, ఒక తలుపు, ఒక ఇత్తడి తాళం. నా నుదుటి మీద ఎర్ర రంగుతో ‘విషము’ అని రాశారు. పుట్టగానే అంత మాట నుదుట రాయించుకున్నదానికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? భయంతోనే బతికాను. ఇప్పుడు ఈ పాత సామాన్ల కొట్టు వరండాలో, కాలు విరిగిన కుర్చీ పక్కన కూర్చుని ఈ మాటలు చెబుతున్నప్పుడు కూడా, ఎవరైనా దగ్గరికొస్తే నా తలుపు టకటకలాడుతుంది. గాలి అనుకుంటారు. గాలి కాదు.

నాకు గుర్తున్నంతలో మొదట నేను గోదావరి మీద తిరిగిన పడవలో పలకను. పడవ పాతబడితే విప్పేశారు. ఏళ్ల తరబడి ఒకే మేకుకి పట్టుకుని ఉన్నవాళ్లం, ఒక్కొక్కళ్లం ఒక్కో బండెక్కి వెళ్లిపోయాం. నా పక్క పలక ఏమైందో ఈనాటికీ తెలియదు. వడ్రంగి నన్ను నాలుగు ముక్కలు చేసి, మళ్లీ నన్ను నాతోనే కలిపి, అలమర అన్నాడు. అలా నేను కాలవ ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్టణంలో, మారిశెట్టి కామేశం గారి మందుల కొట్టు వెనకగదిలో గోడెక్కాను.

కామేశం గారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. వేళ్లు ఎప్పుడూ కర్పూరం వాసన. ఆ రోజుల్లో మందులు డబ్బాల్లో తయారుగా వచ్చేవి కావు. డాక్టరు చీటీ చూసి, పొడులు నూరి, నీళ్లు కలిపి, సీసాలో పోసి, పూటకెంత తాగాలో తెలిసేలా కాగితం పట్టీని పళ్లుపళ్లుగా కత్తిరించి సీసా పక్కన అంటించి ఇవ్వాలి. అదంతా ఆయనే చేసేవారు. ఏ సీసా ముట్టుకున్నా దాని పేరు మూడుసార్లు పైకి చదివేవారు. అరలోంచి తీసేటప్పుడు ఒకసారి, వంచేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి. బయట బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వేవారు.

“జపం అయిందాండీ కామేశంగారూ? ఈలోగా నా జొరం దానంతటదే తగ్గిపోయేలా ఉంది!”

“తగ్గితే మంచిదే కదయ్యా, కూచో” అనేవారు ఆయన, మూడోసారి చదువుతూనే.

నాకు చదువు వచ్చింది ఆ జపం వల్లే. ఆయన నోటి మాటకీ, సీసా మీది అక్షరానికీ ముడిపెట్టుకుంటూ ఒక్కొక్కటే నేర్చుకున్నాను. నేర్చుకున్నకొద్దీ భయం పెరిగింది. నా కడుపులో ఏముందో తెలియనంతకాలం హాయిగా ఉన్నాను.

నా పై అరలో పెద్ద జాడీ ఉండేది. మోకాళ్ల నొప్పులకి రాసుకునే లినిమెంటు. వత్సనాభి అనే విషపు దుంప కలిసిన మందు. చర్మం మీద రాస్తే నొప్పి లాగేస్తుంది. లోపలికి రెండు చెంచాలు పోతే మనిషినే లాగేస్తుంది. అందుకే దానికి వేరే సీసాలు. ఆరు పలకలవి, ఆకుపచ్చవి, ఒంటి నిండా గీరలు ఉన్నవి. చదువు రానివాళ్లు కూడా చేత్తో తడిమితే ఇది తాగేది కాదని తెలియాలని అలా చేస్తారు. అలాంటి ఖాళీ సీసాలు ఆరు ఎప్పుడూ నా కింది అరలో వరసగా ఉండేవి. వాటిమీద అంటించడానికి ‘పైపూతకు మాత్రమే, విషము’ అని ఎర్ర చీటీలు కూడా.

ఆయన భార్య మంగతాయారు. ఆవిడకి చదువు లేదు గాని చేతికి కళ్లున్నాయి. ఏ సీసా ఎంత బరువు, ఏ మూత ఎటు తిరుగుతుంది అన్నీ ఆ వేళ్లకి తెలుసు. మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చుంటే కొట్లో ఆవిడే నిలబడేది. నన్ను తెరిచినప్పుడు ముందు గీరలున్న సీసాని బొటనవేలితో ఒకసారి రుద్ది చూసుకునేది. ఆ చెయ్యి తగిలితే నా భయం కాస్త సర్దుకునేది.

ఒక ఏడాది వరదల తరవాత కలరా వచ్చింది. కామేశం గారు పడవ మీద లంకలన్నీ తిరిగి మందు పోశారు. ఆ ఏడాది చివర ఊరిపెద్దలు వచ్చి, శాసనసభకి నిలబడమన్నారు. ఆయన వద్దన్నారు. మూడుసార్లు వద్దన్నారు. నాలుగోసారి వాళ్లు దండ వేసేశారు.

అప్పుడు నేను విన్న వింత ఏమిటంటే, ఉపన్యాసంలో కూడా ఆయన ఏ మాటనైనా మూడుసార్లు చెప్పేవారట. “కాలవకి వంతెన వేయిస్తాను” అని మూడుసార్లు. మందు కొట్టు అలవాటు అది. జనం మాత్రం, ఇంత గట్టిగా చెప్పే మనిషిని ఎక్కడా చూడలేదనుకున్నారు.

నామినేషను వేసిన రోజున ఆయన నా తాళం చెవి మంగతాయారు చేతిలో పెట్టారు.

“కొట్టు ఇక నీది తాయారూ. నేను ఊరిమీద పడ్డాను.”

“చదువు రానిదాన్నండి.”

“నీ చెయ్యి చదువుతుందిలే.”

ఆవిడ ఆ తాళం చెవి కొంగుకి ముడివేసుకుంది. ఆ పూటంతా దాన్ని తడుముకుంటూనే ఉంది. నగ చేయించి ఇచ్చినా అంత తడుముకునేది కాదేమో.

ఎన్నికల పనంతా ఆవిడ తమ్ముడు గవర్రాజు నెత్తికెత్తుకున్నాడు. చురుకైనవాడు. ఒక్కచోట నిలబడడు. ఆలోచన వస్తే చాలు, అది మంచిదో కాదో చూసేలోగా అమలైపోతుంది. అతనికి ఒక ఆలోచన వచ్చింది. కొట్లోంచి వెళ్లే ప్రతి మందు సీసా మీదా బావ బొమ్మ ఉన్న చీటీ అంటిస్తే, ఇంటింటికీ ప్రచారం దానంతటదే వెళుతుంది కదా! మద్రాసు నుంచి రంగుల చీటీలు అచ్చువేయించి తెచ్చాడు. కామేశం గారి నవ్వు మొహం, కింద ‘మీ ఓటు మన కామేశం గారికే’.

మామూలు సీసాల మీద చక్కగా అంటుకున్నాయి. ఆకుపచ్చ సీసాల దగ్గర చిక్కొచ్చింది.

“గీరల మీద బావ మొహం నిలవడం లేదక్కా. ముక్కు ఓ పక్కకీ, నవ్వు ఓ పక్కకీ పోతోంది. ఎవరన్నా చూస్తే పక్షవాతం అనుకుంటారు.”

“అయితే వాటిమీద వొద్దులేరా.”

“వొద్దంటే ఎలాగే? మోకాళ్ల నొప్పులోళ్లందరూ ముసలోళ్లు. ముసలోళ్ల ఓట్లు వొదులుకుంటావా?” అని, మర్నాడు నున్నటి సీసాలు ఒక పెట్టెడు తెచ్చి దింపాడు.

ఆవిడ ఒకటి తీసి బొటనవేలితో రుద్దింది. “ఒరే గవర్రాజూ, ఇవి నున్నగా ఉన్నాయిరా. చేతికేవీ తెలవటం లేదు.”

“చేతికెందుకే? చీటీ ఉంది కదా!” అన్నాడు.

చీటీ నిజంగానే ఉంది. కాని అతను అంటించింది సరిగ్గా ఎర్ర చీటీ మీద. ‘పైపూతకు మాత్రమే, విషము’ అన్న అక్షరాల మీద కామేశం గారు నవ్వుతూ కూర్చున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. నా నుదుటి మీద ఉన్న మాటని నా కడుపులోంచి వెళ్లే సీసా మీద కప్పేశారు. అరవడానికి నాకు నోరు లేదు. తలుపు ఒకసారి కిర్రుమంది. “బందుకి నూనె వెయ్యాలక్కా” అన్నాడు గవర్రాజు.

పోలింగు ఎల్లుండి అనగా, సంత రోజు వచ్చింది. వీధిలో మైకు కారు ఒకటే అరుపు. కొట్టు ముందు జనం. ఆ ఒక్కరోజే మంగతాయారు ఐదుసార్లు వచ్చి నన్ను తెరిచింది. ఐదుసార్లు జాడీ వంచింది. ఐదు నున్నటి సీసాలు నవ్వుకుంటూ తెరవతల ముందుగదిలోకి వెళ్లిపోయాయి. అక్కడ ఆవిడ వాళ్లతో ఏమందో, ఏమిచ్చిందో, మైకు హోరులో నాకు ఒక్క ముక్కా వినపడలేదు. ఆ హోరు నా జీవితంలో ఎంత పని చేసిందో అప్పుడు తెలియలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కామేశం గారు వచ్చారు. మెడలో వాడిన దండలు. ప్రచారంలో అరిచి అరిచి ఆయనకే గొంతు బొంగురుపోయింది. గొంతుకి మందు చేసుకుందామని వెనకగదిలోకి వచ్చి, అలవాటు కొద్దీ నన్ను తెరిచి ఒకసారి లోపలికి చూశారు.

జాడీలో మందు దిగి ఉంది. ఆకుపచ్చ సీసాలు మాత్రం ఆరూ లోపలే ఉన్నాయి.

ఆయన చెయ్యి నా తలుపు మీదే ఆగిపోయింది. జాడీ మీది పేరు చదివారు. మళ్లీ చదివారు. మూడోసారికి ఆగలేదు. పక్కనున్న పెట్టెలోంచి నున్నటి సీసా ఒకటి తీసి, తన బొమ్మని గోటితో గీకారు. కింద ఎర్ర అక్షరాలు కనపడ్డాయి.

“గవర్రాజూ!”

గవర్రాజు వచ్చి, చూసి, అప్పటికి గాని తను చేసిందేమిటో తెలుసుకోలేదు.

“దండోరా వేయించు” అన్నారు కామేశం గారు. “ఇవాళ కొన్న సీసాలు ఎవరూ ముట్టుకోవద్దని వీధివీధికీ చెప్పించు. పద.”

“బావగారూ, ఆగండి. మీ బొమ్మున్న సీసాలో విషం ఉందని మనమే డప్పు కొట్టుకోవాలా? ఎల్లుండి పోలింగు. అవతలోళ్లు పొద్దున్నకల్లా మనల్ని హంతకుల్ని చేసేస్తారు. ఐదే కదా! అక్కనడిగి, నేనెళ్లి గుట్టుగా పట్టుకొచ్చేస్తాను. గంటలో.”

కామేశం గారు గుమ్మం వైపు రెండడుగులు వేశారు. చెప్పులు కూడా తొడుక్కున్నారు. తరవాత వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఆయన చాలాసార్లు కూర్చోవడం చూశాను. అలా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు.

“తాయారుకి చెప్పకు” అన్నారు నెమ్మదిగా. “తెలిస్తే నడివీధిలో నిలబడి తనే అరుస్తుంది.”

గవర్రాజు ముందుగదిలోకి వెళ్లి, లినిమెంటు కొన్నవాళ్లింటికి ఓట్లడగడానికి వెళ్లాలంటూ అక్క దగ్గర పేర్లు రాబట్టాడు. టైలరు తల్లి, బడిపంతులు, సత్రం వంటావిడ, కల్లం కాపలావాడు. ఐదో మనిషి పేరు ఆవిడకి తెలియదు. లంక మనిషి, పడవ వెళ్లిపోతోందని ఒకటే కంగారుపడింది అని మాత్రం చెప్పింది.

దీపం ఒత్తి సగం కాలేసరికి అతను నాలుగు సీసాలతో తిరిగి వచ్చాడు.

“ఇంతకన్నా మంచిది వచ్చిందని చెప్పి లాక్కొచ్చేశాను బావగారూ. వాళ్లేదో చెప్పబోయారు. నేను వినిపించుకోలేదు. చెప్పనిస్తే మనల్నీ ఏదో అడుగుతారు కదా!”

“ఐదోది?”

“ఆఖరి పడవ వెళ్లిపోయింది. రేవంతా ఖాళీ.”

మర్నాడు అతను లంకలకి వెళ్లి ఉత్త చేతుల్తో వచ్చాడు. పేరు తెలియని మనిషిని ఎవరినని అడుగుతాడు? ఎన్నిక జరిగింది. కామేశం గారు గెలిచారు. కొట్టు ముందు బాణాసంచా కాలుస్తుంటే, దండ వేయడానికి వచ్చిన పడవ సరంగు మాటల్లో మాటగా అన్నాడు, “మొన్న మా లంకలో ఓ ముసలమ్మ పోయిందండి. పాపం, ఓటేసేదాకా కూడా ఉండలేదు.”

కామేశం గారు ఆ దండని రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయారు. వినయం అనుకున్నారు అందరూ.

ఆ రాత్రికే ఆయన మంగతాయారు ముందు చెయ్యి చాపారు.

“తాళం చెవి ఇటియ్యి.”

“ఏవండీ, ఏం తప్పు చేశాను?”

“తప్పని కాదు. ఇక నువ్వు కొట్లోకి రావద్దు.”

ఆవిడకి కొంగు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పి ఇచ్చి, నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. పెద్దవాడైపోయాక పెళ్లాం కొట్లో నిలబడితే నామోషీ అనుకున్నాడని ఆవిడకి అర్థమైంది. తన చేతిమీదుగా ఒక ప్రాణం పోయిందని ఆవిడకి తెలియకూడదని ఆయన దాచారు. ఇద్దరూ ఎదుటివాళ్ల కోసమే నోరు మూసుకున్నారనుకోవచ్చు. కాని మూసుకున్న నోళ్ల మధ్య కాపురం ఎలా ఉంటుందో నేను ముప్పై ఏళ్లు చూశాను.

కొట్టు మూసేశారు. నన్ను మాత్రం ఆయన ఇంటికి మోయించి, తన గదిలో మంచానికి ఎదురుగా తగిలించుకున్నారు. తాళం చెవి మొలతాడుకి కట్టుకున్నారు. రోజూ నిద్ర లేవగానే నా నుదుటి మీది మాట చదివేవారు. ఒక్కసారే. ఇద్దరం భయపడేవాళ్లం, ఎదురెదురుగా.

ఆయన మూడుసార్లు గెలిచారు. ఒక ఏడాది ఉపమంత్రిగా కూడా చేశారు. కాలవ మీద వంతెన నిజంగానే వేయించారు. గోడల మీద తన బొమ్మ అంటించవద్దని గట్టిగా చెప్పేవారు. ఎంత నిరాడంబరుడో అని పత్రికలు రాశాయి. ప్రతి ఏడూ పడవెక్కి లంకల్లో గుడిసె గుడిసెకీ వెళ్లి, చూరుల్లోకి తొంగిచూస్తూ అడిగేవారు. “పాత మందు సీసాలేవైనా ఉన్నాయామ్మా? ఉంటే ఇచ్చెయ్యండి, మంచిది కాదు.” జనం ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఉన్న నాయకుణ్ణి చూడలేదని మళ్లీ ఓట్లు వేశారు. అర్జీలు పట్టుకుని ఇంటికొచ్చినవాళ్ల మొహం కన్నా ముందు ఆయన వాళ్ల చేతులకేసి చూసేవారు. ఏ చేతిలో సీసా ఉందోనని.

మంగతాయారు ఈలోగా చదువు నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. పేపర్లో ఆయన పేరు ఎక్కడుందో వెతుక్కోవడానికి మొదలుపెట్టి, పేపరంతా చదివే దాకా వచ్చింది. ఆయన గదిలోకి కాఫీ తెచ్చినప్పుడు నా నుదుటి మీది మాటని పెదాలు కదుపుతూ చదువుకోవడం ఒకరోజు చూశాను. కాఫీ పెట్టేసి వెళ్లిపోయింది.

పదవులు పోయాయి. గవర్రాజు పోయాడు. వచ్చేపోయేవాళ్లు తగ్గారు. కామేశం గారి కళ్లలో పొరలు దిగాయి. ఒక ఉదయం, పదిగంటల వేళ, ఒక ముసలామె వచ్చి ఆయన గది గుమ్మంలో చతికిలబడింది.

“దండాలండి బాబూ. నన్ను నూకాలంటారండి. లంక నుంచొచ్చేను. ముసలోళ్ల పింఛను కాయితం మీద తవరో మాట రాసిపెడితే...”

“నేనిప్పుడు ఎవరినీ కానమ్మా. నా మాట ఎవరూ వినరు.”

“అలాగనకండి. నేను తవరి మనిషినండి, మొదట్నుంచీ! నమ్మకపోతే ఇదిగో, సూడండి” అని ముసలామె సంచిలోంచి ఒక నున్నటి సీసా తీసి ఆయన ముందు పెట్టింది. రంగు వెలిసిపోయిన చీటీ మీద, నల్ల జుత్తుతో కామేశం గారు నవ్వుతున్నారు.

నా తలుపు కొట్టుకుంది. ఆయనకి సరిగ్గా కనపడలేదు. చేత్తో తడిమారు. నున్నగా తగిలింది. కాఫీ గ్లాసు తీసుకెళ్లడానికి వచ్చిన మంగతాయారు కూడా అక్కడే నిలబడిపోయింది.

“ఇది... ఇది ఎవరు తాగారు?” అన్నారు ఆయన.

“తాగడవేంటండీ బాబూ! రాసేది కదా! మా అత్త మోకాళ్లకి రాసేను. లేచి తిరిగింది. ఆనక ఇంకో తొమ్మిదేళ్లు నన్ను సాధించి మరీ పోయింది.”

“తాగేది కాదని నీకెలా తెలుసు?”

“అదుగో, అమ్మగారే చెప్పేరు కదండీ! ‘తాగేది కాదు, రాసేది’ అని ఒకసారా? మూడుసార్లు! పడవెళ్లిపోతాదమ్మా అని నేను మొత్తుకుంటంటే, సెయ్యట్టుకుని నా సేత కూడా మూడుసార్లు అనిపించి గాని ఒదల్లేదు. ఆ మాట ఇప్పటికీ నోట్లో ఆడతానే ఉంటాది.”

“మరి నేను ఏటా వచ్చి అడిగాను కదమ్మా, పాత సీసాలు ఇమ్మని?”

ముసలామె సిగ్గుపడింది. “తవరొచ్చినప్పుడల్లా బియ్యంలో దాసేసేదాన్నండి. ఆవుదం పోసుకోడానికి ఎంత బాగుంటాదో! ఇచ్చేత్తే మళ్లీ ఎక్కడ దొరుకుద్ది?”

ఆయన నవ్వారో ఏడ్చారో తెలియని చప్పుడు ఒకటి చేశారు. మంగతాయారు గ్లాసు కింద పెట్టేసింది.

“మీరు మూడుసార్లు చదివేవారు” అంది. “నాకు చదువు రాదు. చేతికేమో గీరలు లేవు. ఇంక నోటితోనైనా చెప్పొద్దూ? ఐదుగురికీ అలాగే చెప్పాను.” గొంతు తగ్గించి అడిగింది. “ఇందుకా? ఆవేళ తాళం చెవి తీసుకున్నది ఇందుకా?”

ఆయన తల ఊపారు.

“ఒక్కసారి అడక్కపోయారా?”

ఆయన మొలతాడుకున్న తాళం చెవి విప్పబోయారు. ముడి బిగిసిపోయింది. మంగతాయారు వంగి, తన గోళ్లతో మెల్లిగా విప్పింది. వచ్చి నన్ను తెరిచింది. ముప్పై ఏళ్ల తరవాత ఆ చెయ్యి. లోపల ఎండిపోయిన జాడీ, దుమ్ము పట్టిన ఆరు ఆకుపచ్చ సీసాలు. వాటిలో ఒకదాన్ని బొటనవేలితో రుద్ది చూసుకుంది. తరవాత నూకాలు సీసా తీసుకుని, తడిచేత్తో ఆయన బొమ్మని నెమ్మదిగా ఒలిచేసింది. కింద ఎర్ర అక్షరాలు చెక్కుచెదరలేదు.

ఆయనకి కళ్లు కనపడవు కదా. అందుకని ఆవిడే చదివింది. మూడుసార్లు. పైకి.

నూకాలికి పింఛను కాగితం రాసింది కూడా ఆవిడే. ఆయన కింద సంతకం మాత్రం పెట్టారు. సీసా వదిలిపెట్టడానికి ముసలామె ఒప్పుకోలేదు. బదులుగా ఒక ఆకుపచ్చ సీసా ఇస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఇంకా బాగుందని పట్టుకుపోయింది.

ఆ తరవాత కామేశం గారు రెండు వానాకాలాలు ఉన్నారు. ఆ రెండేళ్లూ నా ఎదురుగా వాళ్లిద్దరూ మాట్లాడుకున్నదంతా విన్నాను. ఎక్కువ మాటలేం కావు. కాని ముప్పై ఏళ్లలో వినపడనివి. ఆయన పోయాక ఆవిడ నాకు తాళం వెయ్యలేదు. తాళం చెవిని మాత్రం కొంగుకి ముడివేసుకుంది. ఆవిడని కాటికి తీసుకెళ్లిన రోజున ఎవరూ ఆ ముడి విప్పలేదు. అలా అది కూడా ఆవిడతో వెళ్లిపోయింది.

ఇల్లు అమ్మారు. నన్ను ఇక్కడ పడేశారు. తలుపుకి తాళం లేక పురికొస కట్టారు. నుదుటి మీద మాట సగం చెరిగిపోయింది. ఎవరో చెప్పులు పెట్టుకోవడానికి బేరమాడుతున్నారు. పోనివ్వండి. నేను ఇప్పటికీ భయపడుతూనే ఉంటాను, అది నా కలపలోనే ఉంది. కాని మీరు ఎప్పుడైనా దేన్ని చూసైనా అలా వణికితే, చీటీ మీద ఏముందో ముందు చదవండి. చదవడానికి వీల్లేకపోతే పక్కనున్న మనిషిని అడగండి. మూడుసార్లు అక్కర్లేదు. ఒక్కసారి అడిగితే చాలు.